ప్లీజ్: ఎక్కడిది, ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బెంగళూరులో ఉద్యోగం, లండన్ టీమ్‌తో రోజూ మెయిళ్లు, కాల్స్. ప్రతి వాక్యంలో ప్లీజ్ పెడుతున్నా మెయిలు కటువుగా ఉంటోందని మేనేజరు అన్నారు. ప్లీజ్ అంటే దయచేసి అనే కదా, అంతకు మించిన మర్యాద ఏముంటుంది, పోనీ ప్లీజ్ తీసేసి కైండ్లీ పెడితే సరిపోతుందా, అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎలా పలకాలి అని మీ సందేహాలు. మీరు చూపించిన మెయిలు ఇది: "ప్లీజ్ సెండ్ ద టెస్ట్ రిపోర్ట్ టుడే. ప్లీజ్ చెక్ ద సెకండ్ షీట్ వన్స్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్."

మీ మేనేజరు చెప్పింది నిజమే. ఇందులో మొరటు మాట ఒక్కటీ లేదు. కానీ మూడు వాక్యాలూ ఆజ్ఞలే. పంపు, చూడు, చెయ్యి. ఇంగ్లీషులో ప్లీజ్ అనేది ఆజ్ఞను మర్యాదగల ఆజ్ఞగా మారుస్తుంది, అంతవరకే. దాన్ని అభ్యర్థనగా మార్చేది వాక్యం కట్టిన తీరు. తెలుగులో ఈ పని క్రియ చివర ఉండే "అండి" చేస్తుంది కాబట్టి మనకు ఈ తేడా వెంటనే తట్టదు. ముందు పుట్టుక చూద్దాం, ఎందుకంటే వాడకంలో చిక్కులన్నీ అక్కడే విడిపోతాయి.

ప్లీజ్ మొదట క్రియ. సంతోషపెట్టడం, నచ్చడం దాని అర్థం. లాటిన్‌లో ప్లాకేరే అంటే నచ్చడం, ఇంపుగా ఉండడం. అది పాత ఫ్రెంచిలో ప్లేజీర్ అయింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును ఏలిన తర్వాత ఇంగ్లీషులోకి వచ్చిపడిన వేలాది ఫ్రెంచి మాటల్లో ఇదొకటి. 14వ శతాబ్దం నాటి ఇంగ్లీషులో "ఇఫ్ ఇట్ ప్లీజ్ యు" అనే పలుకుబడి ఉంది. మాటకు మాటగా చెబితే "అది మీకు నచ్చితే", మన నుడిలో చెబితే "మీకిష్టమైతే". ఫ్రెంచి వాళ్లు ఈ రోజుకీ "సిల్ వు ప్లే" అంటారు, దాని అర్థమూ సరిగ్గా అదే. ఇంగ్లీషు వాళ్లు వాడి వాడి దాన్ని అరగదీశారు. "ఇఫ్ ఇట్ ప్లీజ్ యు" కాస్తా "ప్లీజ్ యు", "ఇఫ్ యు ప్లీజ్" అయింది, 17వ శతాబ్దానికి ఒట్టి "ప్లీజ్" మిగిలింది. షేక్‌స్పియర్ పాత్రలు బతిమాలేటప్పుడు ఎక్కువగా వాడింది ప్రే, ప్రిదీ. ఇప్పుడు ప్లీజ్ చేసే పని అప్పట్లో ఆ మాటలదే. ప్రిదీ అంటే "ఐ ప్రే దీ", అంటే నిన్ను వేడుకుంటున్నాను. "ప్రే యు" అంటే మిమ్మల్ని వేడుకుంటున్నాను. అప్పటి ఇంగ్లీషుకు నువ్వు, మీరు రెండూ ఉండేవి. తర్వాత నువ్వు పోయింది, మీరు ఒక్కటే అందరికీ మిగిలింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

పాత పూర్తి రూపం మన హైకోర్టుల్లో ఇంకా బతికే ఉంది. లాయరు లేచి "మే ఇట్ ప్లీజ్ యువర్ లార్డ్‌షిప్" అని వాదన మొదలుపెడతారు. తమకు సమ్మతమైతే అని అర్థం. మన తాతల కాలం నుంచి తెలుగులో పాతుకుపోయిన ప్లీడరు అనే మాట కూడా ఈ కుటుంబానిదే. ప్లాకేరే నుంచి ప్లాకితుమ్, అంటే సమ్మతమైన నిర్ణయం. అది ఫ్రెంచిలో వ్యాజ్యం అనే అర్థం తెచ్చుకుంది, దాన్నుంచి ప్లీడ్, ప్లీ, ప్లీడరు పుట్టాయి. మందు లేకుండా ఇచ్చే ఉత్తుత్తి మాత్రను డాక్టర్లు ప్లాసిబో అంటారు. అది లాటిన్‌లో "నేను సంతోషపెడతాను" అనే పూర్తి వాక్యం.

ఇంకొకటి మీ ఇంట్లోనే ఉంటుంది. ఇంగ్లీషులో అచ్చు వేయించిన పెళ్లి శుభలేఖ తీసి కింద మూల చూడండి, ఆర్.ఎస్.వి.పి. అని ఉంటుంది. "రెపోందే సిల్ వు ప్లే" అనే ఫ్రెంచి వాక్యపు పొడి అక్షరాలు అవి. మీకిష్టమైతే జవాబివ్వండి అని. చివరి మూడు అక్షరాలే ప్లీజ్. అందుకే "ప్లీజ్ ఆర్.ఎస్.వి.పి." అని రాస్తే ప్లీజ్ రెండుసార్లు చెప్పినట్టు. ఆఫీసు ఆహ్వానాల్లో రోజూ కనిపించే పొరపాటు ఇది. దాన్ని చూసి ఎవరూ నొచ్చుకోరు గానీ, తెలిశాక రాయబుద్ధి కాదు.

ఇప్పుడు "దయచేసి" అనే మాట దగ్గరకు వద్దాం. బెంగళూరు బస్టాండులో కన్నడ ప్రకటన "దయవిట్టు గమనిసి" అని వినిపిస్తుంది. కన్నడలో ఇట్టు అంటే ఉంచి. అంటే దయవిట్టు మన "దయ ఉంచి". తమిళంలో "దయవు సెయ్దు", అది మన "దయ చేసి". ఇద్దరు పొరుగువాళ్లు చెరొకటి పంచుకున్న మాటలు రెండూ తెలుగులో ఉన్నాయి. హిందీ "కృపయా" కూడా కృపతో అనే. ఇవన్నీ ఒకే గూటి పక్షులు. అడిగేవాడు కింద, ఇచ్చేవాడు పైన, పైనుంచి కిందికి దయ ప్రవహించాలి. ప్లీజ్ ఈ గూటిది కాదు. అందులో దయ లేదు, ఇష్టం ఉంది. ఎదుటివాళ్లు "వీలు కాదు" అనడానికి తలుపు తెరిచి ఉంచడం దాని పుట్టుకలోనే ఉన్న మర్యాద. ఇంగ్లీషు మర్యాదంతా చాలావరకు ఈ తెరిచిన తలుపే. నిఘంటువులో ప్లీజ్ ఎదురుగా దయచేసి అని ఉంటుంది, రైల్వే ప్రకటనకు అది చక్కగా సరిపోతుంది. తోటి ఉద్యోగికి రాసే మెయిలుకు మాత్రం "మీకు వీలైతే", "మీకు ఇబ్బంది లేకపోతే" అనేవి ప్లీజ్ అసలు అర్థానికి ఎక్కువ దగ్గర.

తెలుగు ఇంట్లో దయచేసి అనే మాట నోటివెంట ఎన్నిసార్లు వస్తుందో ఒక్కరోజు గమనించండి. దాదాపు రాదు. "కొంచెం ఆ గ్లాసు అందుకోండి", "ఒకసారి ఇటు రండి", "కాస్త తలుపు వేసి వెళ్లు నాన్నా". ఎక్కడా దయ లేదు, అయినా అన్నీ మర్యాదగానే ఉన్నాయి. మర్యాద మూడు చోట్ల దాక్కుని ఉంది. ఒకటి క్రియ చివర అండి. రెండు, మొదట్లో కొంచెం, కాస్త, ఒకసారి అనే చిన్న మాటలు, అవి అడిగేదాన్ని చిన్నది చేసి చూపిస్తాయి. మూడు, వరస: నాన్నా, అక్కా, గారూ, సార్. ఇక్కడి హోటల్లో "ఒందు కాఫీ కొడి" అంటే కన్నడంలోనూ ఇదే కథ. కొడు అంటే ఇవ్వు, కొడి అంటే ఇవ్వండి, ఆ చివరి ఇకారంలోనే గౌరవమంతా ఉంది. బెంగళూరు మంత్రం "స్వల్ప అడ్జస్ట్ మాడి"లో స్వల్ప అచ్చంగా మన కొంచెం.

ఇంగ్లీషు క్రియకు ఈ తోక లేదు. సెండ్ అంటే ఆఫీస్ బాయ్‌కీ సెండే, కంపెనీ ఛైర్మన్‌కీ సెండే. నువ్వు, మీరు తేడా కూడా ఎప్పుడో పోయిందని పైన చెప్పుకున్నాం. అందుకే తెలుగువాళ్ల ఇంగ్లీషు తన దారి తాను వెతుక్కుంది. అండి బదులు సార్ పెట్టింది: "సెండ్ ఇట్ సార్". ఒకసారి బదులు వన్స్ పెట్టింది: "చెక్ వన్స్ సార్". హైదరాబాదు ఆఫీసులోనో విజయవాడ ఆఫీసులోనో ఇది చక్కగా నడుస్తుంది, వినేవాళ్ల చెవికి సార్‌లో అండి వినిపిస్తుంది కాబట్టి. బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వచ్చిన మొదటి రోజే ఏం చెబుతారు? ఇక్కడ సార్, మేడమ్ వద్దు, అందరినీ పేరు పెట్టి పిలవండి అంటారు. మీరు బుద్ధిగా సార్ తీసేశారు. మిగిలింది "సెండ్ ఇట్", "చెక్ వన్స్". అండి తీసేసిన తెలుగు వాక్యం ఎలా ఉంటుందో అలా ఉంది. లోటు తెలిసి ముందు ప్లీజ్ అతికించారు. అది చాలలేదు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన తెలుగు పిల్లల మెయిళ్లలో కటువుదనానికి ముఖ్యమైన కారణం ఇదేనని నా గట్టి అభిప్రాయం. వాళ్ల మనసులో మర్యాద నిండుగా ఉంటుంది, దాన్ని మోసే మాట ఒకటి దారిలో రాలిపోయింది, అంతే.

పరిష్కారం ఈ క్రమంలో చేయండి. ముందు ఆజ్ఞను ప్రశ్నగా మార్చండి. "సెండ్ ద రిపోర్ట్" అనేది "కుడ్ యు సెండ్ మి ద రిపోర్ట్?" అవుతుంది. కెన్ యు కూడా ఫరవాలేదు, కుడ్ యు మరికాస్త మెత్తన. తర్వాత ఎందుకు అడుగుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. కారణం చెప్పిన అభ్యర్థనకు తలుపు ఎంత తెరిచి ఉందో ఎదుటివాళ్లకు తెలుస్తుంది. తర్వాత గడువు స్పష్టం చేయండి. టుడే అంటే ఎవరి టుడే? లండన్‌లో మధ్యాహ్నం రెండు గంటలంటే ఇక్కడ ఎండాకాలంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాబట్టి "బై టూ యువర్ టైమ్" అని వాళ్ల గడియారంలో చెప్పండి. అన్నీ అయ్యాక ఒక్క ప్లీజ్ పెట్టండి.

మీ మెయిలు అప్పుడు ఇలా ఉంటుంది: "కుడ్ యు ప్లీజ్ సెండ్ మి ద టెస్ట్ రిపోర్ట్ బై టూ యువర్ టైమ్? ద బిల్డ్ గోస్ అవుట్ టునైట్ అండ్ వి నీడ్ ద నంబర్స్ బిఫోర్ దట్. ఐయామ్ నాట్ షూర్ అబౌట్ ద టోటల్స్ ఆన్ ద సెకండ్ షీట్, సో ఇట్ వుడ్ హెల్ప్ ఇఫ్ యు కుడ్ టేక్ ఎ లుక్ అట్ దోజ్ టూ. థాంక్స్." ప్లీజ్‌లు రెండు నుంచి ఒకటికి తగ్గాయి, కైండ్లీ పోయింది, మర్యాద పెరిగింది. రెండో వాక్యంలో వన్స్ కూడా పోయింది చూడండి. ఇంగ్లీషు చెవికి "చెక్ వన్స్" అంటే ఒక్కటంటే ఒక్కసారే చూడు, రెండోసారి వద్దు అని. మన ఒకసారిలోని మెత్తదనాన్ని "టేక్ ఎ లుక్", "హావ్ ఎ క్విక్ లుక్" మోస్తాయి.

ప్లీజ్ ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ స్వరమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. వాక్యం మొదట్లో పెడితే గట్టిగా ఉంటుంది. బోర్డులకు, సూచనలకు అదే సరైన చోటు: "ప్లీజ్ స్టాండ్ బిహైండ్ ద యెల్లో లైన్." కాదనడానికి వీల్లేని చోట ప్రశ్న వేయడం అనవసరం, ఆజ్ఞే ఉండాలి, దాని ముందు ప్లీజ్ ఉండాలి. మధ్యలో, అంటే "కుడ్ యు ప్లీజ్ సెండ్" అన్న చోట, అది తటస్థం. మెయిళ్లకు ఎప్పుడూ పనికొస్తుంది. చివర పెడితే తేలిక, నోటిమాటకు బాగుంటుంది: "కెన్ ఐ హావ్ ఎ ఫిల్టర్ కాఫీ, ప్లీజ్?" చివర పెట్టినప్పుడు దాని ముందు కామా పెట్టాలి. మొదట పెట్టినప్పుడు దాని వెనక కామా పెట్టకూడదు. "ప్లీజ్, సెండ్ మి ద ఫైల్" అని కామాతో రాస్తే చదివేవాళ్ల చెవిలో ప్లీజ్ దగ్గర ఆగి, గొంతు గద్గదమై, బతిమాలినట్టు వినిపిస్తుంది.

ప్లీజ్ చేసే మరో పని ఎవరూ పెద్దగా చెప్పరు. "కెన్ యు ఓపెన్ దట్ విండో?" అన్నది రెండు రకాలుగా అర్థమవుతుంది: ఆ కిటికీ మీకు తెరవడం వచ్చా, లేక కిటికీ తెరుస్తారా. చివర ప్లీజ్ పెడితే మొదటి అర్థం పూర్తిగా పోతుంది. వచ్చా అని సందేహం తీర్చుకోవడానికి ఎవరూ ప్లీజ్ అనరు. అంటే ప్లీజ్ ఒక ముద్ర, ఇది అభ్యర్థన అని వాక్యం మీద కొట్టే స్టాంపు. స్టాంపు ఒకటి చాలు. అయిదు వాక్యాల మెయిల్లో అయిదు ప్లీజ్‌లు పెడితే స్టాంపులు పెరిగి విషయం మరుగున పడుతుంది, పైగా విసుగు పడుతున్నట్టు ధ్వనిస్తుంది. నేను పెట్టుకున్న లెక్క మెయిలుకు ఒకటి, చాలా పొడవైతే రెండు.

ఇక్కడ తెలుగు ప్లీజ్ గురించి ఒక మాట. ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న ప్లీజ్‌కు తెలుగులో వేరే బతుకు ఉంది. "అమ్మా, ప్లీజ్ అమ్మా, ఇంకొక్క అయిదు నిమిషాలు", "ప్లీజ్ రా, ఈ ఒక్కసారికి రా". అది బతిమాలడం. కిరాణా కొట్లో "కిలో కందిపప్పు, ప్లీజ్" అని ఏ తెలుగువాడూ అనడు, "కిలో కందిపప్పు ఇవ్వండి" అంటాడు. ఇంగ్లీషులో తీరు దీనికి తలకిందులు. కొట్లో, హోటల్లో, కౌంటరు దగ్గర, అంటే బతిమాలే అవసరమే లేని చోట ప్లీజ్ తప్పనిసరిగా వస్తుంది. బ్రిటన్‌లో అయితే మరీ. కాఫీ కావాలని చెప్పి ప్లీజ్ అనకపోతే అది లోటుగానే వినిపిస్తుంది. అమెరికన్లు అంతకంటే తక్కువ వాడతారు, మామూలు చిన్న పనులు అడిగేటప్పుడు తరచూ ప్లీజ్ లేకుండానే ప్రశ్నతో సరిపెడతారు. మీ టీమ్ లండన్‌లో ఉంది కాబట్టి కాల్‌లో చిన్న విషయాలకు కూడా ప్లీజ్ అనండి: "కుడ్ యు షేర్ యువర్ స్క్రీన్, ప్లీజ్?" మాటకు నొక్కు ప్లీజ్ మీద పడకుండా చూసుకోండి. "ప్లీఈజ్ షేర్ యువర్ స్క్రీన్" అని సాగదీస్తే ఇన్నిసార్లు చెప్పినా వినవేం అన్నట్టు ఉంటుంది. నొక్కు స్క్రీన్ మీద ఉండాలి, ప్లీజ్ తేలిగ్గా జారిపోవాలి.

ఇక కైండ్లీ. ఇది ప్లీజ్ కంటే ఒక మెట్టు ఎక్కువ మర్యాద అని మన దగ్గర బాగా పాతుకుపోయిన నమ్మకం. మాట మంచిదే. కైండ్ అంటే పాత ఇంగ్లీషులో పుట్టుక, స్వభావం, జాతి. కిన్ అనే మాటకు చుట్టం, ఆ వేరు ఇంకా వెనక్కి పోతే మన జన, జాతి అనే సంస్కృత పదాల వేరుతో కలుస్తుంది. తనవాళ్లతో ఉండే తీరే కైండ్‌నెస్ అయింది. ఆఫీసు ఇంగ్లీషులో మనం వాడే కైండ్లీ పాత దొరతనపు ఉత్తరాల వారసత్వం. మన దేశంలో దానికి ఇప్పటికీ గౌరవమే ఉంది. బ్యాంకు మేనేజరుకు రాసే అర్జీలో "కైండ్లీ గ్రాంట్ మి" అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ బ్రిటన్‌లో ఈనాటి చెవికి "విల్ యు కైండ్లీ స్టాప్ దట్" అన్నది పళ్లు బిగించి చెప్పిన మాట. ఓపిక నశించాక బయటికొచ్చే మర్యాద అది. కాబట్టి లండన్ మెయిళ్లలో కైండ్లీ పూర్తిగా మానేయండి. ప్లీజ్, కైండ్లీ రెండూ పక్కపక్కన పెట్టి "ప్లీజ్ కైండ్లీ" అనడం ఎక్కడా వద్దు.

"డూ ద నీడ్‌ఫుల్" కూడా ఆ పాత ఉత్తరాల నుంచే. అక్కడ పాతబడి మరుగున పడిపోయింది, మన దగ్గర నిక్షేపంగా ఉంది. దాని అసలు లోపం పాతదనం కాదు. ఏం చేయాలో చెప్పదు. అవసరమైనది చేయండి అంటే ఏది అవసరమో ఎదుటివాళ్లే ఊహించుకోవాలి. పని పేరు పెట్టి అడగండి. రివర్ట్ ఇంకా ప్రమాదం. మనకది జవాబివ్వడం. వాళ్లకది వెనకటి స్థితికి తేవడం. సాఫ్ట్‌వేర్ టీమ్‌లో రివర్ట్ అంటే చేసిన కోడ్ మార్పును వెనక్కి తీసేయడం. "ప్లీజ్ రివర్ట్ ఆన్ దిస్ ఛేంజ్" అని రాస్తే, ఆ డెవలపరు మీ అభిప్రాయం అడుగుతున్నారనుకోక, మార్పును పీకేసే అవకాశం నిజంగా ఉంది. "లెట్ మి నో వాట్ యు థింక్" అని రాయండి.

"ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్" తప్పు కాదు, బిగుసుకుపోయిన మాట, అంతే. "ఐ హావ్ అటాచ్డ్ ద రిపోర్ట్" సూటిగా ఉంటుంది. "ఐ ప్లీజ్ రిక్వెస్ట్ యు టు" మాత్రం కచ్చితంగా తప్పు. దయచేసి మనవి చేస్తున్నాను అన్న తెలుగు వాక్యం అడుగున ఉండి అలా రాయిస్తుంది. రిక్వెస్ట్ అన్నాక ప్లీజ్‌కు పని లేదు. "ప్లీజ్ ఐ వాంట్ లీవ్ టుమారో" కూడా కుదరదు, ఎందుకంటే అది నాకు సెలవు కావాలి అని మీ సంగతి చెప్పే వాక్యం, ఎదుటివాళ్లను ఏదీ చేయమనలేదు. స్టాంపు వేయడానికి అక్కడ అభ్యర్థనే లేదు. "కుడ్ ఐ టేక్ టుమారో ఆఫ్, ప్లీజ్?" అంటే అతుకుతుంది.

ఫోన్ ఎత్తి మనం "చెప్పండి" అంటాం, కన్నడవాళ్లు "హేళి" అంటారు. రెండూ నిండు మర్యాద. దాన్ని "యెస్, టెల్ మి" అని ఇంగ్లీషులోకి తెస్తే అండి మళ్లీ రాలిపోయి "ఊఁ, చెప్పు" మిగులుతుంది. కాల్‌లో ఎవరైనా మాట్లాడబోతే "గో అహెడ్, ప్లీజ్" అనండి. కాల్ మీరు ఎత్తితే "హలో, హౌ కెన్ ఐ హెల్ప్?" చాలు.

"వుడ్ యు మైండ్" అని మొదలయ్యే ప్రశ్నలు ఇంగ్లీషు మర్యాదలో ఇంకో మెట్టు. దాని తర్వాత క్రియకు ఇంగ్ రావాలి: "వుడ్ యు మైండ్ సెండింగ్ ఇట్ అగైన్?" ఇది మీకు అభ్యంతరమా అన్న ప్రశ్న కాబట్టి ఒప్పుకునేటప్పుడు "నో, నాట్ అట్ ఆల్" అనాలి. సరే అనే ఉద్దేశంతో ఒట్టి "యెస్" అంటే వ్యాకరణం ప్రకారం అభ్యంతరం ఉందని చెప్పినట్టు. "షూర్" అంటే ఏ గొడవా లేదు. ఇంతకంటే పై మెట్టు "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్". పెద్ద సాయం అడిగేటప్పుడు, పరిచయం తక్కువ ఉన్నప్పుడు వాడండి. అంత మెత్తగా అడిగాక ప్లీజ్ చేర్చనక్కర్లేదు. చేరిస్తే జాలిగొలిపేలా ఉంటుంది.

ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే ప్లీజ్ మరో రూపంలో వస్తుంది. "వుడ్ యు లైక్ సమ్ టీ?" అంటే ఒట్టి "యెస్" మొరటు, "యెస్, ప్లీజ్" అనాలి. వద్దంటే "నో, ప్లీజ్" కాదు, "నో, థాంక్స్". మన "పర్వాలేదండి" అక్కడ పనిచేయదు. తెలుగింట్లో పర్వాలేదండి అంటే వద్దనో, మొహమాటమనో, ఇంకోసారి అడగమనో ఏదైనా కావచ్చు, అడిగేవాళ్లకు అది తెలుసు కాబట్టి మళ్లీ అడుగుతారు. ఇంగ్లీషువాళ్లు "నో, థాంక్స్" విన్నాక చాలావరకు రెండోసారి అడగరు. ఆకలేస్తుంటే మొదటిసారే "యెస్, ప్లీజ్" అనేయండి. ఇక ఎవరైనా మీకు థాంక్స్ చెబితే బదులుగా ప్లీజ్ అనకండి. జర్మన్‌లో బిట్టె అన్న మాట ప్లీజ్‌కూ పనికొస్తుంది, థాంక్స్‌కు బదులుగానూ పనికొస్తుంది. ఇంగ్లీషు ప్లీజ్‌కు ఆ రెండో పని లేదు, అక్కడ "యు ఆర్ వెల్కమ్" లేదా "నో ప్రాబ్లమ్".

"ఓ, ప్లీజ్!" అని ఒంటరిగా విన్నారంటే అది అభ్యర్థనే కాదు, "ఇక చాల్లే" అని. మన "దయచేయండి" కూడా ఇలాంటిదే. గుమ్మంలో చుట్టాన్ని చూసి అంటే లోపలికి రండి అని, కోపంలో "ఇక దయచేయండి" అంటే బయటికి పొమ్మని.

ఉచ్చారణ కూడా అడిగారు. చివరి శబ్దం దగ్గర మనవాళ్లు రెండు రకాలుగా తడబడతారు. కొందరు "ప్లీస్" అని పోలీస్‌కు ప్రాసలా పలుకుతారు, కొందరు "ప్లీజు" అని తెలుగు అలవాటు కొద్దీ ఉకారం చేరుస్తారు. సరిచేసుకోవడం సులువు. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి "స్స్స్" అనండి, గొంతు కదలదు. నాలుక అక్కడే ఉంచి గొంతును మోగించండి, తేనెటీగ మోతలా "జ్జ్జ్" వస్తుంది, వేళ్లకు అదురు తెలుస్తుంది. నాలుక పైన ఎక్కడా అతుక్కోకూడదు, అతుక్కుంటే అది మన జ అయిపోతుంది. ఆ మోత దగ్గరే ఆపేయండి, తర్వాత అచ్చు వద్దు. ముందున్న ఈకారాన్ని కొంచెం పొడిగించండి. ఇంగ్లీషులో శాంతి అనే అర్థమున్న పీస్‌లో ఈకారం పొట్టి, బఠాణీలనే అర్థమున్న పీజ్‌లో పొడుగు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పదిసార్లు పలికి, తర్వాత పీజ్‌లో పకారం వెంటనే లకారం చేర్చి చూడండి.